అరకు కాఫీ – మన ముక్కు

మన భాషలో ముక్కుకు పలుకుబడి యెక్కువ, పని తక్కువ. కోపం వస్తే ముక్కు మీద వుంటుంది. ఆశ్చర్యం వస్తే ముక్కున వేలు పడుతుంది. వున్నమాట అనేవాడు ముక్కుసూటి మనిషి. అప్పిచ్చినవాడు ముక్కుపిండి వసూలు చేస్తాడు. ఇన్ని మాటల్లోనూ ముక్కు వాసన చూసిన సందర్భం ఒక్కటీ లేదు! చూపు తగ్గితే కళ్లజోడు కొంటాం, వినికిడి తగ్గితే చెవికి మిషను పెడతాం. ముక్కు పని మానేస్తే మాత్రం "జలుబు కాబోలు, పోతుందిలే" అనుకుంటాం.

అటువంటి ముక్కు చెప్పే తీర్పు మీద పంట ధర ఆధారపడే చోటు ఒకటి మనకు దగ్గర్లోనే వుంది. విశాఖపట్నంలో కిరండూల్ పోయే రైలెక్కి, సొరంగం చీకటి వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు పెట్టే కేకలు వింటూ, బొర్రా గుహలు దాటి పైకి పోతే అరకులోయ. 2022 నుంచి ఇది అల్లూరి సీతారామరాజు జిల్లా. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల యెత్తున, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో గిరిజన రైతులు కాఫీ పెంచుతారు. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకించి వుంటారు. 2017లో అరకు పేరుతో పారిస్ నగరంలో ఒక కాఫీ దుకాణమే వెలిసింది. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే, తిరుపతి లడ్డు అనే పేరు యెవరుపడితే వాళ్లు యెలా పెట్టుకోకూడదో, ఈ పేరూ అంతే.

2024 ఏప్రిల్ మొదటి వారంలో మేము అక్కడికి వెళ్లాం. మేమంటే నేనూ, మా పెద్దక్కయ్యా, బావగారూను. ఒక రేకుల షెడ్డులో ఆ యేటి గింజల పరీక్ష జరుగుతోంది. బల్ల మీద గాజు గిన్నెలు వరసగా పెట్టారు. ఒక్కొక్క రైతు గింజకు అయిదేసి గిన్నెలు. గిన్నె మీద పేరుండదు, అంకె మాత్రమే. పరీక్షకులు ముందు పొడి వాసన చూస్తారు. వేడినీళ్లు పోస్తారు. నాలుగు నిమిషాలకు పైన తెట్టు కడుతుంది. ఆ తెట్టును చెంచాతో పగలగొట్టి, ముక్కు గిన్నెలో పెట్టేశారా అన్నంత దగ్గరగా వంగి పీలుస్తారు. తరవాత చెంచాడు కాఫీ తీసుకుని, షెడ్డంతా మారుమోగేలా జుర్రుతారు. మన ఇళ్లలో పిల్లలు అలా జుర్రితే వీపు మీద ఒకటి పడుతుంది. వాళ్లు జుర్రడంలో అర్థముంది. అలా పీల్చిన కాఫీ తుంపరలై, దాని ఆవిరి అంగిటి వెనకనించి ముక్కులోకి పోతుంది. మనం "రుచి" అనుకునే దాంట్లో పెద్ద భాగం ఇలా దొడ్డిదారిన ముక్కుకు చేరిన వాసనే. నాలుకకు తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, మరొక మాంసపు రుచి – అంతే.

నూటికి ఎనభై మార్కులు దాటిన గింజ మేలురకం కింద లెక్క. దానికి వేరే ధర పలుకుతుంది. పండు కోసి, తొక్క తీసి, జిగురు పోయేందుకు తొట్టెలో పులియబెట్టేటప్పుడు ఒక పూట యెక్కువైనా, పాత గింజ తొట్టె మూలన ఇరుక్కున్నా, అది కుళ్లు కంపు పడుతుంది. అలాంటి గింజలు కొద్దిగా కలిసినా మిగతా సరుకు చెడిపోతుంది. కంటికి అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. పట్టుకోవలసింది ముక్కే.

బావగారు రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. కొలత లేనిదే దేన్నీ నమ్మరు. "ఇది తక్కెడ కాదు, గొలుసు కాదు. ఒకడి ముక్కుకు బాగుందనిపించింది ఇంకొకడికి అనిపించకపోతే ఆ రైతు గతేమిటి?" అన్నారు.

చాలా మంచి ప్రశ్న. దానికి సమాధానం చెప్పాలంటే ముక్కులోకి కొంచెం లోతుగా పోవాలి.

ముక్కు రంధ్రాల వెంట పైకి పోతే, రెండు కళ్ల నడుమ ఒక పలచని పొర వుంటుంది. రెండు వైపులదీ కలిపినా రెండు మూడు తపాలా బిళ్లలంత. అందులో లక్షల నాడీకణాలున్నాయి. ఒక్కొక్క కణం కొసన సన్నని నూగు. ఆ నూగు మీద గ్రాహకాలు. వాసన అణువును అందిపుచ్చుకునేవి గనక గ్రాహకాలు. గ్రాహకమంటే మాంసకృత్తుతో చేసిన పొడుగాటి దారం. అది కణం గోడలోంచి లోపలికీ బయటికీ యేడుసార్లు దూరి వస్తుంది, గోనెసంచి మూతిని దబ్బనంతో కుట్టినట్టు. ఆ యేడు కుట్ల నడుమ చిన్న జేబు లాంటి ఖాళీ వుంటుంది. సరిపోయే అణువు వచ్చి ఆ జేబులో కూర్చుంటే దారం కాస్త మెలితిరుగుతుంది. లోపల కాచుకుని వున్న మరొక మాంసకృత్తు ఆ కదలికను అందుకుంటుంది. అది ఒక యెంజైమును లేపుతుంది. ఆ యెంజైము కబురు మోసే రసాయనాన్ని తయారుచేస్తుంది. దానితో కణం ద్వారాలు తెరుచుకుని సోడియం, కాల్షియం లోపలికి పడతాయి. తలుపు తట్టేవాడొకడు, కబురు మోసేవాడొకడు, గేటు తీసేవాడొకడు – పాతకాలపు జమీందారు గారి దివాణంలా వుంటుంది వ్యవహారం. చివరికి ఒక విద్యుత్ సంకేతం మెదడుకు పోతుంది.

ఈ గ్రాహకాల ఆచూకీ 1991 దాకా యెవరికీ అందలేదు. ఆ సంవత్సరం అమెరికాలో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే ఇద్దరు యెలుక ముక్కులో వెతికి వాటి జన్యువులను పట్టుకున్నారు. పదో ఇరవయ్యో వుంటాయనుకుంటే, అది సుమారు వెయ్యి జన్యువుల మహా కుటుంబమని తేలింది. 2004లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. అయితే మనిషి గ్రాహకం వాసన అణువును జేబులో పెట్టుకున్న రూపం కంటికి కనిపించడానికి 2023 దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు దొరికిన అణువు ప్రోపియోనేట్. పాశ్చాత్యులు తినే జున్నులో ఘాటు వాసన దానిదే.

మనిషికి పని చేసే వాసన గ్రాహకాలు సుమారు 400 రకాలు. మన జన్యువులు మొత్తం 20,000 దాకా వుంటాయి గనక, ప్రతి యాభైలో ఒకటి ముక్కు కొలువులోనే వుందన్నమాట. రంగులు చూడటానికి కంటికి మూడే రకాల గ్రాహకాలు చాలాయి. ముక్కు ఖర్చు చూడండి!

సరే, నాలుగు వందల గ్రాహకాలుంటే నాలుగు వందల వాసనలే తెలియాలిగదా? అలా కాదు. హార్మోనియం తలుచుకోండి. ఒక కణంలో ఒకే రకం గ్రాహకం వుంటుంది. అది ఒక మెట్టు. ఒక అణువు చాలా మెట్లను నొక్కగలదు. ఒక మెట్టును చాలా అణువులు నొక్కగలవు. యే యే మెట్లు కలిసి మోగాయో దాన్నిబట్టి మెదడు "ఇది మల్లె, ఇది ఇంగువ" అని పోల్చుకుంటుంది. ఒక్క మెట్టు మారినా రాగం మారిపోతుంది. ఆక్టనాల్ అనే పదార్థం కమలాపండును తలపిస్తుంది. దాని అణువు కొసలో చిన్న మార్పు చేసి ఆమ్లంగా మారిస్తే చెమటకంపు! మోతాదు మారినా అంతే. మల్లెపూల సువాసనలో ఇండోల్ అనే పదార్థం కాస్త వుంటుంది. అదే చిక్కగా వుంటే మలం కంపు. ఈ సంగతి చెప్పినప్పటినుంచి బావగారు మా అక్కయ్య జడకేసి అనుమానంగా చూస్తున్నారు.

వేయించిన కాఫీలో ఆవిరయ్యే పదార్థాలు 800 దాటి వున్నా, వాటిలో పెద్దరికం రెండు మూడు డజన్లదే. అన్నిటికంటే ముందు చెప్పుకోవలసింది ఫర్‌ఫ్యూరిల్ థయాల్. 1920లలో స్టౌడింగర్, రైక్‌స్టైన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు కాఫీ వాసన గుట్టు విప్పబోయి దీన్ని పట్టుకున్నారు. (తరవాత వేరే వేరే పనులకు ఇద్దరికీ నోబెల్ బహుమతులు వచ్చాయి గాని, నా మటుకు కాఫీకే ఇచ్చేవాణ్ణి.) అది గంధకం కలిసిన పదార్థం. ఈతకొలనంత నీళ్లలో ఒక్క చుక్క కలిపినా ముక్కు పసిగడుతుంది. ఉల్లిపాయ ఘాటులోనూ దీని బంధువులున్నారు. వంటగ్యాసుకు స్వతహాగా వాసన లేదు. లీకైతే తెలియాలని కంపెనీలవాళ్లు కలిపే మెర్‌కాప్టాన్ కూడా ఈ గంధకపు గోత్రానిదే.

ఇప్పుడు బావగారి ప్రశ్నకు వద్దాం. ఇద్దరి ముక్కులు ఒకటేనా? కావు. యే ఇద్దరు మనుషులను తీసుకున్నా, వారి గ్రాహకాల్లో నూటికి ముప్పై దాకా వేరు వేరుగా పనిచేస్తాయని 2014లో ఒక పరిశోధన తేల్చింది. కొత్తిమీర సంగతే చూడండి. మనకు చారులో అది లేకపోతే ముద్ద దిగదు. పాశ్చాత్య దేశాల్లో కొందరికి అది సబ్బునీళ్ల వాసన. 2012లో వేలమంది జన్యువులు పరిశీలిస్తే, ఈ అయిష్టం ఓఆర్6ఏ2 అనే గ్రాహకం వున్న చోట ఒక చిన్న తేడాతో కలిసి వస్తోందని కనిపించింది. అంచేత ఒకే గిన్నె కాఫీ మీద ఇద్దరు పరీక్షకులు భిన్నంగా మాట్లాడితే, ఇద్దరూ నిజమే చెబుతూ వుండవచ్చు. ఇందుకే బల్ల చుట్టూ ఒకరు కాక పలువురుంటారు, ఒకటి కాక అయిదు గిన్నెలుంటాయి, గిన్నెకు పేరుండదు. ఒక్క తక్కెడను నమ్మలేనప్పుడు పది తక్కెళ్లలో తూచి చూడటం లాంటిదే.

ముక్కును మోసగించే దొంగలూ వున్నారు. బ్రెజిల్ కాఫీలో "రియో" అనే దోషం ఒకటి పేరు మోసింది. ట్రైక్లోరోఅనిసోల్ అనే బూజు వాసన పదార్థం దానికి కారణం. 2013లో జపాను శాస్త్రజ్ఞులు ఒక తమాషా కనిపెట్టారు. ఈ పదార్థం వాసన కణాల ద్వారాలనే మూసేస్తుంది. అంటే తన కంపు తెలియకముందే మంచి వాసనల నోరు నొక్కుతుంది. కాఫీ చెడినట్టుండదు, చప్పబడినట్టుంటుంది.

మా అక్కయ్య ఆ షెడ్డు గుమ్మం దగ్గరే, చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. కారణం చెప్పాలి. మా ఇంట్లో కాఫీ శాస్త్రానికి ఆవిడే పీఠాధిపతి. ఫిల్టరులోంచి డికాక్షన్ దిగుతూంటేనే పొడిలో చికోరీ పాలెంతో చెప్పేది. పెళ్లిచూపులకు వెళ్లినా, పిల్లవాడి ఉద్యోగం కంటే ముందు వాళ్లింటి కాఫీ మీద తీర్పు ఇచ్చేది. అటువంటి మనిషికి 2021 మే నెలలో కరోనా జ్వరం వచ్చింది. ప్రాణానికి ముప్పు లేకుండా తేరుకుంది గాని, నాలుగో నాడు పొద్దున్న కాఫీ గుక్క తాగి, "ఒరే, ఇది వేడినీళ్లురా" అంది. ఆపైన మామిడిపండు ఉత్త తీపయింది. ఆవకాయ ఉత్త కారమయింది. ఒకనాడు పాలు పొంగి స్టవ్వు ఆరిపోయి, గ్యాసు ఇల్లంతా నిండినా ఆవిడకు తెలియలేదు. పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టబట్టి సరిపోయింది.

కొన్ని నెలలకు వాసన తిరిగి రావడం మొదలుపెట్టింది, అయితే వక్రించి వచ్చింది. కాఫీ డబ్బా మూత తీస్తే చచ్చిన యెలుక కంపు కొడుతుందని ఆవిడ ఘోషించింది. "చాదస్తం" అన్నారు బావగారు. చాదస్తం కాదు. ఇంగ్లండులో శాస్త్రజ్ఞులు ఇటువంటి రోగుల చేత కాఫీ ఆవిరిలోని పదార్థాలను ఒక్కొక్కటే వేరుచేసి వాసన చూపించారు. 2022లో వెలువడిన ఆ ఫలితాల్లో ముద్దాయిగా అందరికంటే యెక్కువసార్లు నిలబడింది మన ఫర్‌ఫ్యూరిల్ థయాలే! కాఫీకి ప్రాణం పోసే అణువే వీళ్లకు కంపయి కూర్చుంది. హార్మోనియంలో కొన్ని మెట్లు మోగక, మరికొన్నే మోగితే కల్యాణి కూడా అపస్వరమే కదా.

ఆ వైరసు వాసన కణాలను నేరుగా పట్టదు. వాటికి అన్నం పెట్టి, అండగా వుండే పక్క కణాలను పట్టుకుంటుంది. ఆ గొడవలో వాసన కణాలు బెంబేలెత్తి, తమ గ్రాహకాల జన్యువులను తామే మూసివేసుకుంటాయి. ఊళ్లో దొమ్మీ జరుగుతూంటే దుకాణదారులు తలుపులు వేసుకున్నట్టు. అదృష్టమేమంటే, ముక్కులో పాత కణాలు రాలి కొత్తవి పుడుతూనే వుంటాయి. నాడీకణాల్లో ఈ భాగ్యం దాదాపు యెవరికీ లేదు. కొత్త కణం మెదడులో తన ముడి వెతుక్కుని దారం పంపుకోవాలి. ఆ దారాలు కుదురుకోవడానికి సాయపడేది అభ్యాసం. జర్మనీ వైద్యుడు థామస్ హమ్మెల్ 2009లో చూపించిన పద్ధతి ఇది: గులాబి, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం – ఈ నాలుగూ రోజుకు రెండుసార్లు, నెలల తరబడి శ్రద్ధగా వాసన చూడటం. అందరికీ పూర్తిగా నయమవుతుందని కాదు. చాలామందికి మేలు చేసింది.

షెడ్డు బయట కాఫీ తోట పూసి వుంది. వేసవి తొలి జల్లు పడ్డాక ఒక్కసారిగా తెల్లగా పూసి, రెండు మూడు రోజుల్లో వాడిపోయే పువ్వు అది. వాసన మల్లెకు చెల్లెలు. అక్కయ్య కొమ్మ వంచి పీల్చి పెదవి విరిచింది. తోట గల ముసలమ్మ సంగతి కనుక్కుని, "వాసన రాకపోతే ఏటమ్మా, ఈగలొచ్చినాయో లేదో సూడండి. అవొస్తే వాసనున్నట్టే" అంది. నిజమే, కొమ్మ కొమ్మకూ తేనెటీగలు. వాటి వాసన గ్రాహకాలు మనవాటికి చుట్టాలు కూడా కావు. అవి వేరే దారిన పుట్టాయి. మనకు కబురు మోసేవాళ్లు కావాలి; వాటికి గ్రాహకమే ద్వారం. కాఫీ పువ్వు తేనెలో కాస్త కెఫీన్ వుంటుంది. అది తాగిన తేనెటీగకు ఆ పూవాసన యెక్కువ కాలం గుర్తుంటుందని 2013లో రుజువైంది. మనకంటే ముందే కాఫీకి అలవాటు పడ్డ జీవమన్నమాట.

తిరుగుదారిలో బావగారు, "మనిషి ముక్కు మొదటినుంచీ నాసిరకమే కదా, కుక్క ముందర మనమెంత?" అన్నారు. ఈ అపవాదుకు మూలపురుషుడు 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా. మనిషి మెదడులో వాసన భాగం తక్కిన మెదడుతో పోలిస్తే చిన్నది గనక, మనిషిని వాసనతో పనిలేని జంతువుల్లో చేర్చాడు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. మనకు పనిచేసే 400 జన్యువులు కాక, పాడుబడ్డవి అంతకు మించి వున్నాయి. తాళం వేసి తాళంచెవి పారేసుకున్న గదులవి. యెలుకకు పనిచేసేవి వెయ్యి దాటాయి. ఆఫ్రికా యేనుగుకు 2,000 దగ్గర. మన పూర్వికులు చెట్ల మీద పండ్ల రంగులు చూసి బతకడం మొదలుపెట్టాక ముక్కు అవసరం తగ్గి గదులు మూతపడ్డాయని ఒక వాదం. కాదు, అంతకు ముందునుంచే మెల్లిగా మూతపడుతూ వచ్చాయని మరొక వాదం. రెండోదే నాకు సబబుగా తోస్తుంది.

కాని మిగిలిన గదులతో మనిషి చేసే సంసారం తక్కువది కాదు. కాలిఫోర్నియాలో గడ్డి మీద చాకలెట్ వాసన పట్టించిన తాడు పరిచి, 32 మందిని కళ్లకు గంతలు కట్టి, మోకాళ్ల మీద పాకమన్నారు. మూడింట రెండు వంతుల మంది కుక్కల్లాగే ముక్కు నేలకానించి ఆ జాడ పట్టుకుపోయారు. ఇక తడి మట్టి. తొలకరి వాసనకు మూలమైన జియోస్మిన్, నేలలోని సూక్ష్మజీవులు చేసే పదార్థం. నీళ్లలో లక్ష కోట్ల పాళ్లకు కొన్ని పాళ్లున్నా మన ముక్కు పట్టేస్తుంది. దాని గ్రాహకం ఓఆర్11ఏ1 అని 2024లో గుర్తించారు.

ముక్కు వుండటం ఒకటి, వాడటం ఒకటి. మలయా అడవుల్లో జహాయి అనే వేటజాతి వారుంటారు. రంగుల పేర్లు మనం యెంత తడుముకోకుండా చెబుతామో, వాసనల పేర్లు వాళ్లు అంత తేలిగ్గా చెబుతారని ఆసిఫా మజీద్ అనే పరిశోధకురాలు 2014లో చూపించారు. పెట్రోలుకు, పొగకు, గబ్బిలాల గుహకు కలిపి వాళ్లకు ఒకే మాట వుంది! ఆ అడవుల్లోనే వేటాడేవారిని, సేద్యం చేసేవారిని పక్కపక్కన పెట్టి చూస్తే, వేటాడేవారికే ఈ నేర్పు కనిపించింది. భాషలు దగ్గరివే, బతుకుతీరు వేరు. వాళ్ల జహాయి భాషకూ, అరకు చుట్టుపక్కలా కోరాపుట్ కొండల్లోనూ గదబలు మాట్లాడే గుతోబు భాషకూ దూరపు చుట్టరికముంది. రెండూ ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబానివే. మన తెలుగు కూడా మరీ బీద కాదు. నీచు, కమురు, గౌలు – ఇవి ఫలానా వస్తువు పేరు కాకుండా ఉత్త వాసనకే పుట్టిన మాటలు. ఈ కాలపు పిల్లలు వీటన్నిటికీ కలిపి "బ్యాడ్ స్మెల్" అంటున్నారు.

అరకు సంతలో అక్కయ్య మిరియాలు పొట్లం కట్టించుకుంది. గులాబీ అత్తరు తలనొప్పి అంటూ దాని బదులు మిరియాలు పెట్టుకుని, నాలుగు మందు సీసాలలో నాలుగు వాసనలు వేసి, సంధ్యావందనంలా రెండు పూటలా అభ్యాసం చేస్తోంది. లవంగం ముందు వచ్చింది. తరవాత నిమ్మతొక్క. ఆ జూన్ నెలలో మొదటి వాన పడిన సాయంత్రం పెరట్లోంచి, "ఒరే, మట్టి వాసన వస్తోందా, నాకే అనిపిస్తోందా?" అని కేకవేసింది. వస్తూనే వుంది. కాఫీ మాత్రం ఇంకా దారికి రాలేదు. బావగారు ఇప్పటికీ తన గ్లాసు పట్టుకుని వీధి అరుగు మీదే తాగుతున్నారు.